హవల్దార్ తాపా ఎడమ చెవి

పోయిన నెల మస్కట్‌లో మా తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడు అక్కడి తెలుగువాళ్లు ఎలాగో పసిగట్టి నాకు సన్మానం చేస్తామన్నారు. వద్దంటే ఊరుకునే జాతి కాదు మనది. ఫోన్ చేసిన అబ్బాయి ఖురంలో ఏదో హోటల్లో పనిచేస్తాడట, మాట మెత్తన. "మేడమ్, మీ గురించి ఒక పేజీ రాసి వాట్సాప్‌లో పెట్టండి. పుస్తకాల సంగతి మాకు తెలుసు. ఎవరికీ తెలియని విషయం ఒకటి, కొంచెం గుండెకి తగిలేది ఉంటే స్టేజీ మీద బాగా పండుద్ది మేడమ్" అన్నాడు. సరేనని ఫోన్ పెట్టేశాను. సరిగ్గా అలాంటి విషయమే ఒకటి, ఆ ఊళ్లోనే, పదహారేళ్ల వయసులో నేను రాసి స్టేజీ మీద చదివాను. అది బ్రహ్మాండంగా పండింది. దానివల్ల ఒక మంచి మనిషి ఉద్యోగం పోయింది.

అప్పట్లో మేం మస్కట్‌లోని దార్సైట్‌లో, ఇండియన్ స్కూలుకి నడిచి వెళ్లేంత దూరంలో, మూడంతస్తుల బిల్డింగులో ఉండేవాళ్లం. అమ్మ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు, నాన్న ఒక కంపెనీలో స్టోర్ కీపరు. ఇద్దరిదీ కోనసీమ. ఆ ఇంటి వాసన ఏదని ఎవరైనా అడిగితే గంజి వాసన అంటాను. అమ్మ తన యూనిఫారానికి గంజి పెట్టి, బాల్కనీలో ఆరేసి, కాస్త చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేసేది. ఆ ఆవిరి గది గదికీ పాకేది. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం ఎండురొయ్యలు వేయించేది. సరిగ్గా అదే సమయానికి కింది వాటాలోని ఒమానీ ఆవిడ సాంబ్రాణి వెలిగించేది. మా మీద కోపంతోనే వెలిగిస్తోందని అమ్మ అనుమానం. ఒకసారి మొహమాటానికి ఒక గిన్నెడు రొయ్యల కూర పంపితే, గిన్నె కడిగి నిండా ఖర్జూరాలు పోసి వెనక్కి పంపింది. ఆ తర్వాత సాంబ్రాణి వాసన వస్తే అమ్మే కిటికీ తెరిచేది.

శుక్రవారం సెలవు కనక పొద్దున్నే కుటుంబ ప్రార్థన. నాన్న పేరు ఆశీర్వాదం, పేరుకు తగ్గ మనిషి. ప్రార్థన మొదలుపెడితే బిల్డింగులో ఎవర్నీ వదిలేవాడు కాదు. పై వాటా పిల్లాడి ఆయాసం, ఎదురింటివాళ్లకి రాని లీవు, వేళకి రాని నీళ్ల ట్యాంకరు, గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి క్షేమం, అన్నీ పేరుపేరునా దేవుడికి విన్నవించేవాడు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన అమ్మ మోకాళ్ల మీదే కునుకు తీసి, ఆమెన్ దగ్గర ఠక్కున మేలుకునేది. దేవుడి తర్వాత నాన్నకి ఇష్టమైనది సన్మానం. తనకి కాదు, ఇతరులకి. తెలుగువాళ్ల సంఘంలో ఆయనకి ఏ పదవీ లేదు గానీ, ఎవరికి శాలువా కప్పాలన్నా ముందుండేది ఆయనే. ఒకే కంపెనీలో పాతికేళ్లు చేసినవాడికి, నిజ్వాలో లెక్కలు చెప్పే మేష్టారికి, ఆఖరికి డ్రైవింగ్ లైసెన్సు మొదటి టెస్టుకే తెచ్చుకున్నవాడికి కూడా కప్పించాడు. మా బీరువాలో అమ్మ చీరలకన్నా శాలువాలు ఎక్కువ. "నాలుగు మంచి మాటలు మనిషి బతికుండగా వినాలండీ, పోయాక ఎంత చదివితే ఏం లాభం" అని ఎదురైన వాళ్లందరితోనూ అనేవాడు.

గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి దిల్‌బహాదుర్ తాపా. నేపాల్ కొండల మనిషి, యాభై దాటినవారు. ఇండియన్ ఆర్మీలో గోర్ఖా పల్టన్‌లో హవల్దారుగా రిటైరై, ఒక సెక్యూరిటీ కంపెనీ ద్వారా అక్కడికొచ్చారు. నాన్న ఆయన్ని హవల్దార్ సాబ్ అనేవాడు. అమ్మని ఆయన సిస్టర్ అనేవారు, నన్ను నానీ అనేవారు. వాళ్ల వైపు చిన్నపిల్లల్ని అలా పిలుస్తారట. మా మధ్య మాటలన్నీ హిందీలోనే, ఇక్కడ గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను. గేటు పక్కన ఆయన గది మా వంటింట్లో సగం ఉండేది. మంచం మీద దుప్పటి ముడత లేకుండా బిగించి ఉండేది. రోజూ పొద్దున్నే మెట్టు మీద కూర్చుని బూట్లు పాలిష్ చేసేవారు, ముందు ఎడమది, తర్వాత కుడిది. ఊరి నుంచి తెచ్చుకున్న ఒక పుల్లటి ఎండు ఆకు ఉండేది, దాంతో చారు కాచుకునేవారు. అమ్మ అది రుచి చూసి, "మన గోంగూరకి దూరపు చుట్టం" అని తేల్చింది. అప్పట్నించి గోంగూర పచ్చడి కిందికి, ఎండు ఆకు పైకి ప్రయాణాలు సాగాయి.

ఆయన డ్యూటీ చేసే తీరు వేరుగా ఉండేది. కుర్చీ ఎప్పుడూ గేటుకి ఎదురుగా కాక ఏటవాలుగా, కుడి భుజం గేటు వైపుండేలా వేసుకునేవారు. గేటు గడియకి ఎర్ర గుడ్డపేలిక కట్టి ఉండేది, అది కదిలితే చాలు లేచి నిలబడేవారు. వాకీటాకీ మోగితే ఎడం చేత్తో తీసినా మొహం ముందు నుంచి తిప్పి కుడి చెవికే పెట్టుకునేవారు. ఇదంతా మిలటరీ పద్ధతి అనుకుని నేనూ తమ్ముడూ ఇంట్లో ఫోన్ అలాగే పట్టుకుని నాన్న చేత చీవాట్లు తిన్నాం.

అసలు సంగతి అమ్మ కనిపెట్టింది. ఎడమ చెవిలో చీము కారుతోందని, చుక్కల మందు ఉంటే ఇమ్మని ఆయన ఒక సాయంత్రం పైకొచ్చారు. అమ్మ వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టి టార్చి వేసి చూసింది. తన చేతి గడియారం విప్పి ఆ చెవికి ఆనించింది.

"టిక్కు టిక్కు వినిపిస్తోందా సాబ్?"

"వినిపిస్తోంది సిస్టర్. బాగా."

అమ్మ గడియారం ఆయన కళ్ల ముందు పెట్టింది. "కీ లాగేసి పెట్టాను సాబ్. ఇది ఆగిపోయి ఉంది."

తాపా గారు ఆ ఆగిన ముల్లు కేసి కాసేపు చూసి, దొరికిపోయిన స్కూలు పిల్లాడిలా నవ్వారు. తర్వాత నవ్వు పోయింది. "కంపెనీకి తెలిస్తే పంపేస్తారు. కాంట్రాక్టు పొడిగించేటప్పుడు రక్తం చూస్తారు, ఛాతీ చూస్తారు, చెవి ఎవరూ చూడరు. ఇంకో రెండేళ్లు సిస్టర్, రెండే" అన్నారు. ఊళ్లో వాళ్ల ఇల్లు కొండచరియ కింద పోయింది. భార్య తన తమ్ముడి పంచన ఉంటోంది. కొత్త ఇంటికి గోడలు లేచాయి, కప్పు పడలేదు. ఈ నెలాఖరుకి కాంట్రాక్టు అయిపోతుంది, మళ్లీ రెండేళ్లకి పొడిగిస్తే కప్పు పడుతుంది. అమ్మ మందు వేసి దూది పెట్టి, "నా నోటి నుంచి రాదు" అంది. అన్నం తింటున్న నా వైపు తిరిగి, "ఏమే, విన్నావు కదా. నీ నోట్లోంచీ రాకూడదు" అని తెలుగులో గట్టిగా చెప్పింది.

ఆ వారమే ఒక రోజు మందు సీసా ఇవ్వడానికి నేనూ నాన్నా కిందికి వెళ్తే ఆయన చొక్కా బొత్తాం కుట్టుకుంటున్నారు. పక్కన బిస్కెట్ల డబ్బాలో సూదులూ దారాలూ బొత్తాలూ, వాటి మధ్య రిబ్బను మాసిపోయిన ఒక పతకం. నాన్న దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. యుద్ధంలో చూపిన ధైర్యానికి ఇచ్చేదని దాని మీద ఉన్న అక్షరాలు చదివి, "ఏంటి సాబ్ ఇది, ఇలా బొత్తాల్లో పడేశారు!" అన్నాడు. "బొత్తాం ఊడినప్పుడల్లా డబ్బా తీస్తాను కదా సాబ్, అప్పుడు కనిపిస్తుంది" అన్నారాయన తేలిగ్గా. అంతే, నాన్న కళ్లలో శాలువా కనిపించింది నాకు. తాపా గారు రెండుసార్లు వద్దన్నారు. మూడోసారి, "ఫోటో తీస్తారా?" అని అడిగారు. తీస్తాం, పెద్దది కడిగించి ఇస్తాం అన్నాడు నాన్న. అయితే సరే, ఇంటికి పంపుకోవచ్చు అన్నారు.

పరిచయం రాసే పని నాకు పడింది. స్కూల్లో వ్యాసాలకి బహుమతులు తెచ్చుకుంటున్న రోజులు, నా కలానికి తిరుగు లేదని నాకు గట్టి నమ్మకం. మూడు సాయంత్రాలు ఆయన గది మెట్టు మీద కూర్చుని నోటుబుక్కులో రాసుకున్నాను. పదిహేడో ఏట ఇంట్లో చెప్పకుండా నాలుగు రోజులు నడిచి భర్తీ జరిగే ఊరికి వెళ్లారట. ఛాతీ కొలత అరంగుళం తగ్గితే, ఊపిరి బిగబట్టి మొహం నీలంగా మారేదాకా నిలబడ్డారట. కొలిచినాయన నవ్వి, వీడు చచ్చినా వెనక్కి పోడని రాసుకున్నాడట. పల్టన్‌లో తోడు దొరికినవాడు పూర్ణ, పక్క లోయవాడు. ఇద్దరూ ఒకే సబ్బు రెండు ముక్కలు చేసుకుని వాడుకునేవాళ్లట.

మూడో సాయంత్రం యుద్ధం గురించి అడిగాను. ఏ కొండో, ఏ పోస్టో ఆయన చెప్పలేదు, ఎంత చలో చెప్పారు. శిఖరం మీద బంకర్ నుంచి మెషిన్ గన్ ఆగకుండా కాలుస్తోంది. ముందు వెళ్లిన పూర్ణ పడిపోయాడు. "దిలే, నేనిక్కడ" అని ఈయన్ని ముద్దుపేరుతో పిలిచాడు. అటు తిరిగేలోగా ఎడం పక్కన బాంబు పేలింది. "ఆ చెవి ఆఖరుగా విన్నది అదే నానీ, వాడి గొంతు. తర్వాత ఈ వైపు ఇంకేమీ లేదు." పాక్కుంటూ వెళ్లి బంకర్లోకి గ్రెనేడ్ వేశారు. దానికే పతకం. "భయం వేయలేదా అంకుల్?" అని అడిగాను. "వేసింది. ప్యాంటు తడిసింది. చలికి అది గడ్డకట్టింది కూడా" అన్నారు. పూర్ణని ఎడం భుజం మీద వేసుకుని కిందికి దిగారు. "దారంతా వాడేదో చెప్తూనే ఉన్నాడని వెనకొచ్చినవాళ్లు తర్వాత అన్నారు. నాకు వినపడలేదు. ఎప్పుడు ఆపేశాడో కూడా తెలియలేదు. కుడి భుజం మీద వేసుకోవాల్సింది." అలా అని, చాలాసేపు బూటు తుడుచుకున్నారు. తర్వాత నా నోటుబుక్కు మీద వేలు పెట్టి, "ఇది రాయకు. పల్టన్ పేరు రాయి, పతకం సంగతి రాయి. చెవి వద్దు నానీ" అన్నారు.

"రాయను అంకుల్" అన్నాను. ఆ క్షణాన నిజంగానే అన్నాను.

కానీ చెవి లేకుండా రాస్తే నా పరిచయం గవర్నమెంటు నోటీసులా తయారైంది. జననం, భర్తీ, పతకం, పదవీ విరమణ. రెండుసార్లు చింపేశాను. మూడోసారి స్కూల్లో ఖాళీ పీరియడ్లో నా చేతి నుంచి ఆ వాక్యం దానంతటదే వచ్చినట్టు వచ్చింది: "ఆ ఎడమ చెవి ఈ లోకంలో చివరిసారిగా విన్నది ఒక స్నేహితుడి పిలుపు. ఆ తర్వాత అది మరే శబ్దాన్నీ లోపలికి రానివ్వలేదు." నాకే ఒళ్లు పులకరించింది. చదివేది తెలుగులో కదా, సెక్యూరిటీ కంపెనీవాళ్లకి తెలుగేం తెలుసు, తాపా గారికి మాత్రం ఏం తెలుసు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అమ్మకి చూపించలేదు. చూపిస్తే ఆ వాక్యం కొట్టేస్తుందని తెలుసు. నాన్న చదివి కళ్లు తుడుచుకున్నాడు. చెవి సంగతి రహస్యమని ఆయనకి తెలియదు, అమ్మ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

సన్మానం ఒక శుక్రవారం సాయంత్రం, స్కూలు హాల్లో. అమ్మకి ఆ పూట డ్యూటీ. నాన్న మర్యాద తెలిసిన మనిషి కనక, వాళ్ల మనిషిని గౌరవిస్తూ వాళ్లని పిలవకపోతే ఏం బాగుంటుందని సెక్యూరిటీ కంపెనీ మేనేజరుని ముఖ్య అతిథిగా పిలిచాడు. ఆయన ముందు వరసలో, మధ్య కుర్చీలో కూర్చున్నాడు. ఆ సంగతి నాకు పొద్దున్నే తెలిసింది. తాపా గారు పాత కోటుకి పతకం పెట్టుకుని, స్టేజీ మీద కుర్చీ కొంచెం జరుపుకుని, కుడి చెవి నా వైపు ఉండేలా కూర్చున్నారు. తెలుగులో చదివాను. ఆ వాక్యం దగ్గర హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఒకావిడ చెంగుతో కళ్లద్దుకోవడం కూడా చూశాను. నేను కాగితం మడవబోతుంటే నాన్న కింది నుంచి, "అమ్మాయ్, ఆయనకీ అర్థం కావాలి కదా, హిందీలో కూడా చెప్పేయ్!" అన్నాడు.

హిందీలో ఆ వాక్యం వదిలేయొచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. అక్కడిదాకా వచ్చాక ఊపిరి పీల్చుకోవడానికి ఆగాను కూడా. కానీ ఆ చప్పట్లు ఇంకోసారి వినాలనిపించింది. చెప్పాను. తాపా గారు నా మొహం చూశారు. కోపంగా కాదు. నేనేదో తప్పు మెట్టు మీద కాలు పెడుతుంటే చూస్తున్నట్టు చూశారు. తర్వాత ఆయన చూపు నెమ్మదిగా ముందు వరసకి వెళ్లింది. మేనేజరు చప్పట్లు కొడుతున్నాడు. ఆయనా ఒకప్పుడు ఫౌజులో పనిచేసినవాడే, స్టేజీ ఎక్కి తాపా గారిని కావలించుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాన్న శాలువా కప్పాడు. ఫోటో తీశారు.

మర్నాడు పొద్దున తాపా గారికి ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. మధ్యాహ్నానికి కాంట్రాక్టు పొడిగించడం లేదని తేలింది. అమ్మా నాన్నా కలిసి ఖురంలో ఆ ఆఫీసుకి వెళ్లి బతిమాలారు. మేనేజరు కుర్చీలు వేయించి, టీ తెప్పించి, మర్యాదగానే మాట్లాడాడట. "మేడమ్, ఆ మనిషి కాళ్లకి దణ్ణం పెడతాను. కానీ ఫైర్ అలారం మోగి, ఆయన అటువైపు తిరిగి ఉంటే? పైన నిద్రపోయేది మీ పిల్లలే కదా" అన్నాడట. పోనీ అని అమ్మ వేరే పని ఏదైనా ఇవ్వమంటే, చెవి సంగతి దాచినందుకు అసలు చర్య తీసుకోవాలి, నేను తీసుకోవడం లేదు అన్నాడట. నాన్న దారి పొడుగునా "మంచికే కదా చేశాం, మంచికే కదా" అంటూనే వచ్చాడు. ఆ తర్వాత ఆయన ఎవరికీ శాలువా కప్పించలేదు. అమ్మ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. అన్నం వడ్డిస్తూ, "బాగా రాశావట కదా, అందరూ చెప్తున్నారు" అంది. అంతే.

మొన్న వెళ్లినప్పుడు దార్సైట్‌లో ఆ బిల్డింగు చూశాను. రంగు మార్చారు. గేటు దానంతటదే తెరుచుకుంటోంది, పైన రెండు కెమెరాలు, తాపా గారి గదిలో చెత్త డబ్బాలు. శుక్ర, శనివారాలు సెలవట ఇప్పుడు, మాకు గురు, శుక్రవారాలు ఉండేవి. తమ్ముడి అపార్టుమెంట్లో గార్డు ఎవరని అడిగితే వాడికి పేరు తెలియదు, షిఫ్టులు మారుతుంటారక్కా అన్నాడు. మాకు అందరి పేర్లూ తెలుసు. రోజూ ఎదురుపడేవాళ్లం, వారానికోసారి పేరుపేరునా ప్రార్థన చేసేవాళ్లం, ఆఖరికి పేరు పెట్టి పిలిచి ఉద్యోగం తీయించాం. ఏది నయమో నాకు నిజంగా తెలియదు. సన్మానం చేస్తామన్న అబ్బాయికి నా పేరూ ఊరూ మాత్రమే పంపాను. పాపం చిన్నబుచ్చుకున్నాడు.

ఈ కథ నేను ఇదివరకు రెండు మూడు సభల్లో చెప్పాను. చెప్పినప్పుడల్లా చివర్లో తాపా గారి దగ్గరికి వెళ్లి ఏడ్చి క్షమాపణ అడిగానని, ఆయన నవ్వి నా తల నిమిరారని చెప్పాను. జనం కళ్లు తుడుచుకున్నారు. అది అబద్ధం. జరిగింది ఇది.

ఆయన వెళ్లే రోజు మధ్యాహ్నం, కంపెనీ వ్యాను కోసం గేటు బయట తన ట్రంకు పెట్టె మీద కూర్చున్నారు. బూట్లు ఎప్పటిలాగే మెరుస్తున్నాయి. అమ్మ పచ్చడి సీసా, రెండు మందు సీసాలు ఇచ్చి పైకి వెళ్లిపోయింది. నేను కిందికి దిగాను. ఎటువైపు నిలబడాలో నాకు తెలుసు. తెలిసే, ఆయన ఎడం పక్కకి వెళ్లి నిలబడ్డాను. "అంకుల్, నేనే చేశాను. రాయనని చెప్పి రాశాను. హిందీలో వదిలేయొచ్చు, వదల్లేదు. మీ ఇంటి కప్పు నా వల్లే పోయింది. నన్ను క్షమించండి" అని మొత్తం చెప్పాను, తడబడకుండా, హిందీలో. ఆయన రోడ్డు కేసి చూస్తూనే ఉన్నారు. అంతా అయ్యాక నా నీడ చూసినట్టున్నారు, పెట్టె మీదే మొత్తం తిరిగి, నా భుజం మీద చెయ్యి వేసి, తల వంచి కుడి చెవి నా దగ్గర పెట్టారు.

"ఏదో అంటున్నావు నానీ. ఇటు చెప్పు."

"ఏం లేదంకుల్" అన్నాను. "జాగ్రత్తగా వెళ్లండి."

తల ఊపారు. కానీ వెంటనే నిటారుగా కూర్చోలేదు. వ్యాను వచ్చి ఆగేదాకా ఆ చెవి అలాగే నా వైపు పెట్టి ఉంచారు.